రెండు వంశవృక్షములు

ఒక రాజవంశమునకు రెండు చరిత్రలుండునా? ఉండరాదు. జరిగిన సంగతి ఒక్కటియే కదా! అయినను లోకమున పెక్కు వంశములకు రెండేసి చరిత్రలు కలవు. ఒకటి జరిగిన చరిత్ర. రెండవది జనులు చెప్పుకొనిన చరిత్ర. మొదటిది రాతిస్తంభముల మీదను, రాగిరేకుల మీదను చెక్కబడి మౌనముగా నిలిచియుండును. రెండవది కథలై, కావ్యములై ఇంటింట వినబడుచుండును. మౌనముగా నున్నదానికంటె వినబడుదానినే మనము త్వరగా నమ్ముదుము.

ఓరుగల్లు రాజధానిగా ఆంధ్రదేశమునంతటిని ఒక్క గొడుగు క్రిందికి తెచ్చిన కాకతీయుల విషయమున ఇట్లే జరిగినది. వారికి కథలు కల్పించిన వంశవృక్షమొకటి, శాసనములు చూపిన వంశవృక్షమొకటి కలవు. ఈ రెంటిని ప్రక్కప్రక్కన నిలిపి చూచితిమేని కొన్ని పేర్లు మారుట మాత్రమే కాక, ఒక మహారాజ్ఞి తన న్యాయమైన స్థానమును కోల్పోవుటయు కనబడును.

ముందుగా కథను విందము. 16వ శతాబ్దమున ఏకామ్రనాథుడను రచయిత ప్రతాపరుద్ర చరిత్రమును తెలుగు వచనమున వ్రాసెను. తరువాత కాసె సర్వప్ప సిద్ధేశ్వర చరిత్రమను ద్విపద కావ్యమును రచించెను. కాకతీయ రాజ్యము 1323లో అంతరించినది. కావున ఈ గ్రంథములు పుట్టునాటికి ఆ రాజులను కన్నులార చూచినవారుగాని, చూచినవారిని చూచినవారుగాని ఎవరును మిగులలేదు. తరతరములుగా నోటినుండి నోటికి వచ్చిన మాటలే ఆ రచయితలకు ఆధారములు.

ఆ కథ ననుసరించి కాకతీయుల మూలపురుషుడు మాధవవర్మ. కందారపురమున సోమరాజను ప్రభువు శత్రువులచేత హతుడుకాగా, గర్భవతియైన అతని రాణి సిరియాలదేవి హనుమకొండకు పారిపోయి వచ్చినదట. ఆమెకు మాధవశర్మయను బ్రాహ్మణుడు తన యింట ఆశ్రయమిచ్చెనట. అచ్చట పుట్టిన శిశువునకు ఆశ్రయదాత పేరే పెట్టిరట. అతడు పెరిగి, హనుమకొండ గుట్టపై వెలసిన పద్మాక్షీదేవి అనుగ్రహమున గొప్ప సైన్యమును పొంది, తండ్రి రాజ్యమును తిరిగి గెలిచెనట. ఆ మాధవవర్మ సంతతివారే కాకతీయులట!

కథ ఇంపుగా నున్నది. పారిపోయిన రాణి, ఆదరించిన పేదయిల్లు, వరమిచ్చిన దేవత, పగతీర్చుకొనిన కొడుకు: వినువారికి ఇంతకంటె కావలసినదేమి? అదే కథ ఇంకను ముందునకు సాగి, గణపతిదేవ చక్రవర్తి మరణించిన పిమ్మట ఆయన భార్యయైన రుద్రమదేవి రాజ్యభారము వహించెనని చెప్పినది. తుదకు ప్రతాపరుద్రుని ఢిల్లీకి బందీగా కొనిపోయిరనియు, ఆతడు విడుదలపొంది తిరిగి ఓరుగల్లు చేరెననియు చెప్పి ముగించినది.

ఇక శాసనములు చెప్పునదేమో చూతము.

కృష్ణాతీరమునందలి నందిగామ సీమలో మాగల్లు అను గ్రామము గలదు. వేంగి చాళుక్యరాజగు దానార్ణవుడు 956లో వేయించిన దానశాసనమునకు ఆ ఊరి పేరే ఏర్పడినది. కాకర్త్య గుండ్యనయను సేనాని కోరికపై రాజు ఆ గ్రామమును దానమిచ్చినట్లు అందున్నది. ఆ గుండ్యన తండ్రి తాతల పేర్లును అందు కలవు. కాకతీయుల పూర్వులు తొలుత రాజులు కారనియు, పెద్ద రాజుల కొలువున సేనానులుగా నుండి క్రమముగా పైకి వచ్చిరనియు దీనివలన తెలియుచున్నది. ఇందు మాధవవర్మ లేడు. దేవతయిచ్చిన సైన్యము లేదు. కత్తిపట్టి కొలువుచేసిన ఒక కుటుంబము మాత్రము కలదు.

రెండవ సాక్ష్యము బయ్యారము చెరువు శాసనము. ఈ ఊరు నేటి మహబూబాబాదు జిల్లాలో నున్నది. గణపతిదేవుని సోదరి మైలాంబ అచ్చట పెద్ద చెరువును త్రవ్వించి, దాని గట్టున శాసనము వేయించినది. ఆమె తన పుట్టినింటి వంశమును మొదటినుండి పేర్కొన్నది. దుర్జయ కులమున పుట్టిన వెన్నడు ఆదిపురుషుడు. అతని తరువాత గుండడను పేరుగలవారు ముగ్గురు. ఆ పిమ్మట ఎఱ్ఱడు, బేతడు, ప్రోలడు. మరల బేతడు, మరల ప్రోలడు. రెండవ ప్రోలుని కొడుకులు రుద్రుడు, మహాదేవుడు. మహాదేవుని కొడుకు గణపతిదేవుడు. ఒక స్త్రీ త్రవ్వించిన చెరువు ఊరి పొలములకు నీరిచ్చినది. ఆమె వేయించిన శాసనము చరిత్రకారులకు ఒక వంశము యొక్క వరుసనంతటిని ఇచ్చినది. మాగల్లు శాసనమునందలి పేర్లు కొన్ని ఇందును కనబడుటచే రెండును ఒకదానికొకటి బలమగుచున్నవి.

ఈ వరుసలోని వారు ఒక్కొక్కరుగా ఎట్లు ఎదిగిరో సంగ్రహముగా తెలిసికొందము. వీరు వేంగి చాళుక్యుల తరువాత కల్యాణి చాళుక్యులను కొలిచి, హనుమకొండ సీమకు అధిపతులైరి. రెండవ ప్రోలుని కొడుకు రుద్రదేవుడు 1163లో హనుమకొండ వేయిస్తంభముల గుడియందు శాసనము వేయించి, తన విజయములను చాటుకొని, స్వతంత్రుడయ్యెను. అతడును, అతని తమ్ముడు మహాదేవుడును దేవగిరి యాదవులతోడి యుద్ధములలో ప్రాణములు కోల్పోయిరి. మహాదేవుని కొడుకు గణపతిదేవుడు శత్రువులకు చిక్కి, విడుదలై వచ్చి, 1199లో సింహాసనమెక్కెను. అరువదేండ్లకు పైగా రాజ్యము చేసిన ఆ మహారాజునకు కొడుకులు లేరు.

ఇచ్చటనే రెండు వంశవృక్షములును వేరువేరు దారుల పోయినవి.

గణపతిదేవునకు ఇరువురు కుమార్తెలు: రుద్రమదేవి, గణపాంబ. గణపాంబను ధరణికోట పాలకుడైన కోట బేతరాజు పెండ్లాడెను. భర్త మరణించిన పిదప ఆమె అతని రాజ్యమును తానే పాలించినది. అతని స్మృతికై ఆలయము కట్టించినది. భర్త రాజ్యమును భార్య కాపాడుట నాటి లోకమునకు వింతకాదు. కాని రుద్రమదేవి సంగతి వేరు. ఆమె భర్త నిడదవోలు చాళుక్య వంశీయుడైన వీరభద్రుడు. ఆమె ఏలినది భర్త రాజ్యమును కాదు, తండ్రి రాజ్యమును. కొడుకులు లేని తండ్రి, కుమార్తెనే కొడుకుగా నెంచి, రుద్రదేవ మహారాజను పురుషనామము నొసగి, తాను జీవించియుండగనే పాలనమున భాగమిచ్చి, పట్టమునకు సిద్ధపరచెను.

దీనికి సాక్ష్యమేమి? గుంటూరు సీమలో మందడమునకు సమీపమున మల్కాపురమను ఊరు గలదు. అచ్చటి స్తంభశాసనము 1261 నాటిది. శైవగురువగు విశ్వేశ్వర శంభునకు గణపతిదేవుడు ఇచ్చెదనన్న మందడ గ్రామమును, దానితో వెలగపూడిని కూడ ఆయన కుమార్తె రుద్రమదేవి ధారపోసినట్లు ఆ శాసనమందున్నది. ఆ దానముతో గురువు మఠమును, విద్యాలయమును, అన్నసత్రమును మాత్రమేకాక ఆరోగ్యశాలను, ప్రసూతిశాలను కూడ నెలకొల్పెను. దాదాపు ఎనిమిది వందల ఏండ్లకు పూర్వము పల్లెటూరి తల్లులకొరకు ప్రసూతిశాల వెలసినదనుట ఎంత గర్వింపదగిన విషయము! ఆ శాసనము రుద్రమను గణపతిదేవుని కుమార్తెయనియే పేర్కొన్నది. ప్రతాపరుద్రుని ఆస్థానకవి విద్యానాథుడు రచించిన ప్రతాపరుద్రీయమునకు వ్యాఖ్య వ్రాసిన కుమారస్వామి సోమపీథియు రుద్రమ గణపతిదేవుని కూతురేయనియు, తండ్రి ఆమెకు కొడుకువలె పేరుపెట్టెననియు వివరించెను.

అట్లయిన భార్యయను మాట ఎట్లు పుట్టినది? ఆ మాట అన్నది మన కథకులు మాత్రమే కాదు. వెనీసు నగరవాసియగు మార్కోపోలో అను ప్రసిద్ధ యాత్రికుడును తన గ్రంథమున ఇట్లే చెప్పెను. అతడు మోటుపల్లి రేవు పేరుతో ఈ రాజ్యమును వర్ణించుచు, రాజు మరణించిన పిదప అతని రాణి నలుబదేండ్లుగా దేశమును పాలించుచున్నదనియు, ఆమె మిక్కిలి వివేకవతియనియు, న్యాయమునందు ప్రీతి గలదనియు, ప్రజలు ఆమెను అమితముగా ప్రేమించిరనియు వ్రాసెను. వజ్రములను గూర్చియు, సాలెగూటివలె సన్ననైన వస్త్రములను గూర్చియు అతడు చేసిన వర్ణనము జగత్ప్రసిద్ధము. మెచ్చుకోలు సత్యమే, చుట్టరికము మాత్రము తప్పు. లెక్కవేసి చూచినను ఈ తప్పు బయటపడును. గణపతిదేవుని కాలము 1262తో ముగిసినది. రుద్రమదేవి 1289లో మరణించినది. ఈ నడిమి కాలము ఇరువది యేడు సంవత్సరములేకాని నలుబది కాదు. పైగా మార్కోపోలో చీనాదేశమును విడిచి ఓడలో బయలుదేరినది 1292లో. అప్పటికే రుద్రమదేవి లేదు. అతడు రేవులయందలి వర్తకుల నోట వినిన మాటలనే గ్రంథమున చేర్చియుండవలెను.

సముద్రముల కావలినుండి వచ్చిన యాత్రికుడును, ఈ నేలపై పుట్టిన కథకుడును ఒకే పొరపాటు చేయుటకు కారణమేమి? ఇరువురి మనస్సులందును ఒకే నమ్మకముండుటయే కారణము. స్త్రీ సింహాసనమున కూర్చున్నచో అది భర్తనుండియే సంక్రమించియుండునని ఇరువురును తలచిరి. కూతురికి తండ్రి పట్టము కట్టుననుట వారి ఊహకు అందలేదు. వినువారు తమకు తెలిసిన అచ్చులోనికి జరిగినదానిని ఒదిగించిరి. చరిత్రలో అనేక అసత్యములు ఇట్లే పుట్టును. అబద్ధమాడవలెనను కోరికతో కాదు. అలవాటైన ఊహను విడువలేకపోవుటచేత.

భార్యయైననేమి, కూతురైననేమి, పాలించినది ఆమెయే కదాయని కొందరనవచ్చును. కాని భేదము స్వల్పము కాదు. భార్యయనినచో ఆమె మరియొకరి సొత్తును కాచిన కావలికత్తె యగును. కూతురనినచో ఆమె స్వంతహక్కుతో రాజ్యమేలిన ప్రభువగును. ఒక్క చుట్టరికపు మాట మార్చుటతో గణపతిదేవుని సాహసమును, రుద్రమ హక్కును రెండును మాసిపోయినవి. స్త్రీకి తలవంచుట కిష్టపడని వారి నెదిరించి, దండెత్తివచ్చిన దేవగిరి యాదవులను త్రిప్పికొట్టి ఆమె నిలువబెట్టుకొనినది ఈ హక్కునే.

ఆమె మరణమును గూర్చియు శాసనమే సరియైన మాట చెప్పినది. చాలకాలము చరిత్రకారులు ఆమె 1295 ప్రాంతము వరకు పాలించినదని భావించిరి. నల్లగొండ జిల్లాలోని చందుపట్ల గ్రామమున దొరకిన శాసనము ఈ అభిప్రాయమును మార్చినది. అది 1289వ సంవత్సరము నవంబరు 27వ తేదీ నాటిది. రుద్రమదేవియు, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడును శివలోకప్రాప్తి నొందగా, వారి పుణ్యమునకై పువ్వుల ముమ్మడియను సేవకుడు భూమిని దానమిచ్చినట్లు అందున్నది. ఆమె తిరుగుబాటు చేసిన కాయస్థ అంబదేవునితోడి పోరులో మరణించెనని చరిత్రకారులు తలచుచున్నారు. ఏ కావ్యమును చెప్పని సంగతిని ఒక సేవకుని చిన్న దానము చెప్పినది.

రుద్రమదేవికిని కొడుకులు లేరు. ఆమె కుమార్తె ముమ్మడమ్మకును మహాదేవునకును పుట్టిన ప్రతాపరుద్రుని ఆమె దత్తత చేసికొని వారసునిగా నిలిపెను. కావున ప్రతాపరుద్రుడు గణపతిదేవునకు మనుమడు కాదు, మునిమనుమడు. రుద్రమను భార్యగా మార్చిన కథ ఒక తరమునే మ్రింగివేసినది. వెన్నడు మొదలు గణపతిదేవుని వరకు పురుషుల వరుసగా సాగిన వంశము తుదిలో కూతురు, కూతురి కూతురు అను రెండు మెట్ల మీదుగా ప్రతాపరుద్రుని చేరినది. ఆ రెండు మెట్లు లేనిచో ఆ మహారాజే లేడు.

ప్రతాపరుద్రుని తుదికాలము మరియొక చిక్కుముడి. ఢిల్లీ సైన్యములు ఓరుగల్లుపై పలుమారులు దండెత్తెను. 1310లో మాలిక్ కాఫూరు ముట్టడికి తలయొగ్గి రాజు కప్పము చెల్లించెను. 1323లో ఉలుగ్ ఖాను కోటను పట్టుకొని, రాజును బంధించి ఢిల్లీకి పంపెను. ఆతడు తిరిగివచ్చెనని కథ చెప్పుచున్నది. కాని ముసునూరి ప్రోలయ నాయకుని విలస తామ్రశాసనము ఆతడు దారిలో నర్మదాతీరమున కన్నుమూసెనని తెలుపుచున్నది. అనితల్లి 1423లో వేయించిన కలువచేరు శాసనము ఆతడు తన ఇచ్ఛచేతనే పరలోకమునకు పోయెనని సూచించుచున్నది. ఢిల్లీ చరిత్రకారుడగు షంసె సిరాజ్ అఫీఫ్ కూడ ఆ రాజు మార్గమధ్యముననే మరణించెనని వ్రాసెను. గెలిచినవారి పక్షము, ఓడినవారి పక్షము రెండును ఒకే మాట చెప్పునపుడు మనము దానిని నమ్మవచ్చును.

అయినను తిరిగివచ్చిన రాజు కథను నిందింపరాదు. ప్రియమైన ప్రభువు దిక్కులేక దారిలో మరణించెననుట ప్రజలు సహింపలేకపోయిరి. అందుచే కథలోనైన ఆతనిని ఇంటికి చేర్చిరి. ఆ కథ ప్రతాపరుద్రుని చరిత్ర కాదు. ఆతనిని పోగొట్టుకొనిన ప్రజల హృదయచరిత్ర.

ఇంకొక కొమ్మ గలదు. బస్తరు రాజులు తాము ప్రతాపరుద్రుని సోదరుడైన అన్నమదేవుని సంతతివారమని చెప్పుకొనిరి. దంతెవాడలోని 1703 నాటి శాసనము ఈ మాటను పలుకుచున్నది. ఇదియు శాసనమే. కాని ఓరుగల్లు పతనమునకును దీనికిని నడుమ 380 సంవత్సరముల ఎడమున్నది. సంఘటనకు దగ్గరగా పుట్టిన సాక్ష్యమునకుండు బలము దూరముగా పుట్టినదానికుండదు. కావున ఇట్టివానిని త్రోసిపుచ్చకయు, తొందరపడి నమ్మకయు పరిశీలింపవలెను.

శాసనమైనంత మాత్రమున అందలి ప్రతి అక్షరమును సత్యమని తలపరాదు. గణపతిదేవుడు 1244లో వేయించిన మోటుపల్లి శాసనమును చూడుడు. గాలివానకు ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరకును పూర్వరాజులు స్వాధీనము చేసికొనుచుండగా, తాను అట్లు చేయక, నిర్ణీతమైన సుంకము మాత్రమే గ్రహింతునని ఆయన వర్తకులకు అభయమిచ్చెను. ఈ భాగము వర్తకుల ఎదుట చేసిన ప్రతిజ్ఞ; నమ్మదగినది. అదే శాసనము రాజవంశమును సూర్యుని వరకు కొనిపోయినది. అది ప్రశస్తి; నాటి కవుల మర్యాద. ఒకే రాతిమీద సత్యమును, అలంకారమును ప్రక్కప్రక్కన నుండును. వానిని వేరుచేయుటయే చరిత్రకారుని పని.

కథలు మన మనస్సులను రంజింపజేయును. శాసనములు మన తప్పులను దిద్దును. రెండును మనకు కావలయును. కాని ఒకదాని స్థానమున మరియొకదానిని కూర్చుండబెట్టరాదు. మన ఊరి చెరువుగట్టున పడియున్న అక్షరముల రాతిపై బట్టలుతుకుటయు, దానిని పగులగొట్టి గోడలో పెట్టుటయు మహాపరాధము. చందుపట్ల రాతిని ఎవరైన అట్లు చేసియున్నచో రుద్రమదేవి ఎప్పుడు మరణించినదో మనకు నేటికిని తెలియకపోయెడిది. మల్కాపుర స్తంభము విరిగియున్నచో ఆమె ఎవరి బిడ్డయో చెప్పు గట్టి సాక్షి పోయియుండెడిది. రాళ్లను కాపాడుట యనగా మన పూర్వులకు వారివారి స్థానములను కాపాడుటయే.

ప్రశ్నలు

1. కాకతీయుల మూలపురుషుని గూర్చి కథ చెప్పునదేమి? మాగల్లు, బయ్యారము శాసనములు చెప్పునదేమి?

2. గణపాంబ పాలనమునకును, రుద్రమదేవి పాలనమునకును గల భేదమును వివరింపుడు.

3. మార్కోపోలో మాటలలో సత్యమైనదేది? పొరపాటైనదేది? ఆ పొరపాటును లెక్కచేత ఎట్లు నిరూపింపవచ్చును?

4. ప్రతాపరుద్రుడు తిరిగివచ్చెనను కథ ఏల పుట్టియుండును?

5. మోటుపల్లి శాసనమున నమ్మదగిన భాగమేది? ప్రశస్తియనదగిన భాగమేది?

6. మీ గ్రామమునగాని, సమీప గ్రామమునగాని శాసనమున్నచో దానిని చూచి, అది ఎచ్చట ఏ స్థితిలో నున్నదో పది వాక్యములలో వ్రాయుడు.